బతికున్నవాడి మొలతాడు

మా వార్డులో చేరిన మనిషి ఒంటి మీద తాడన్నది ఉండకూడదు. బెల్టు, షూ లేసు, మెడలో గొలుసు, చేతికి కట్టుకున్న కాశీదారం, ఏదైనా సరే తీసేసి ప్లాస్టిక్ సంచిలో వేసి లాకరులో పెడతాం. ఈ నియమం ఊరికే పుట్టింది కాదు. నేను అక్కడ చేరకముందు ఒక చున్నీ వల్ల ఒకామె ప్రాణం పోయిందని పాతవాళ్లు చెప్పేవారు. అందుకే కొత్త రోగి వస్తే మా చేతులు ముందు మెడ మీదికి, నడుము మీదికి వెళ్తాయి. కబుర్లన్నీ ఆ తర్వాతే.

నేను సింగపూరులో మానసిక రోగుల ఆసుపత్రిలో నర్సుని. పుట్టింది గోదావరి పక్కన. నర్సింగు చదివి ఇక్కడికి వచ్చి, పెళ్లయి, పుంగ్గోల్‌లో కాపురం పెట్టి చాలా ఏళ్లయింది. వార్డులో తెలుగు వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. ఆ అబ్బాయి వచ్చిన రోజు నాకు సెలవు. ఆ రోజు నేను డ్యూటీలో ఉండి ఉంటే ఏం జరిగేదో నాకు తెలియదు. బహుశా ఆ కత్తెర నేనే పట్టుకునేదాన్నేమో.

మర్నాడు ఉదయం డ్యూటీ ఎక్కగానే, నాకు బాగా దగ్గరైన ఫిలిప్పీన్స్ నర్సు చెప్పింది. "మీ ఇండియా అతను ఒకడు వచ్చాడు. షిప్‌యార్డులో పని. డార్మిటరీలో మంచం దిగడం మానేశాడట. కంపెనీ వ్యానులో తెచ్చి వదిలేశారు. తమిళం వచ్చిన అటెండర్‌ని పిలిచి మాట్లాడించాం. ఎవరో చచ్చిపోయారంటున్నాడట. ఎవరన్నది తెలియదు."

ఇండియా వాడంటే తమిళం వస్తుందని ఇక్కడ అందరి నమ్మకం. అతనిది జగిత్యాల దగ్గర పల్లె. పని చోట నేర్చుకున్న నాలుగు తమిళ ముక్కలతో ఆ అటెండర్‌ని అడిగింది ఒకటే మాట: ఎవరు చచ్చిపోయారు? అతను అడిగిన ప్రశ్నను వీళ్లు జవాబుగా రాసుకున్నారు.

నేను వెళ్లేసరికి మంచం మీద కట్టెలా పడుకుని ఉన్నాడు. ముప్పై దాటి ఉండవు. రెండు చేతులూ పక్కలకు ఆనించి, కాళ్లు దగ్గరగా పెట్టి, పైకప్పు చూస్తున్నాడు. కుడి అరచేతికి కట్టు ఉంది.

"ఏ ఊరు తమ్ముడూ మీది?" అన్నాను.

కళ్లు నా వైపు తిరిగాయి. చాలాసేపు నా నోటినే చూశాడు, ఆ మాట అక్కడినుంచే వచ్చిందా అన్నట్టు.

"అక్కా, నువ్వన్న జెప్పు. ఎవలు సచ్చిన్రు? అందరు దాస్తుండ్రు."

"ఎవరూ చచ్చిపోలేదమ్మా. ఎందుకలా అనుకుంటున్నావు?"

చొక్కా పైకెత్తాడు. నల్లటి నడుము చుట్టూ తెల్లగా, సన్నగా ఒక చార. ఏళ్ల తరబడి ఎండ తగలని చోటు. మొలతాడు ఉండాల్సిన చోటు.

తెలుగు పల్లెలో పుట్టిన మగపిల్లవాడికి పురుడు తీరగానే మొలకు తాడు కడతారు. అది పాతబడితే కొత్తది కట్టాకే పాతది తీస్తారు. క్షణంసేపు కూడా ఆ నడుము ఉత్తిగా ఉండకూడదు. మా నాన్న డెబ్బై ఏళ్లు అలాగే బతికాడు. ఆయన నడుము ఖాళీగా చూసింది పాడె మీదే.

నా స్నేహితురాలి దగ్గరికి వెళ్లి అడిగాను. "నడుముకున్న తాడు ఎలా తీశావు?"

"కత్తెరతో. ముడి బిగుసుకుపోయింది, ఊడలేదు. అడిగాను కదా, వద్దనలేదు. చాలా మంచివాడు. నేను కత్తెర తీయగానే తనంతట తనే వెల్లకిలా పడుకుని చేతులు పక్కన పెట్టుకున్నాడు."

ఆమె ఆ మాట మెచ్చుకోలుగానే చెప్పింది.

ఆ మధ్యాహ్నం అతను నాకు కొంచెం కొంచెంగా చెప్పాడు. అతనికి ఒక దోస్తు ఉండేవాడు. ఒకే ఊరు, ఒకే బడి, ఒకే ఏజెంటు, డార్మిటరీలో కింది మంచం ఒకరిది, పై మంచం ఒకరిది. ఒక మధ్యాహ్నం ఓడ డెక్కు మీద నీళ్లు తాగుతూ ఆ దోస్తు కూలిపోయాడు. గుండె. శవాన్ని ఇంటికి పంపేముందు స్నానం చేయించి సిద్ధం చేసే చోటికి ఇతన్నే తీసుకెళ్లారు, ఊరివాడు ఇతనొక్కడే కాబట్టి. అయినవాళ్లు చేయాల్సినవన్నీ ఇతని చేతే చేయించారు.

"దోస్తుగాని మొలతాడు నేనే తెంపిన అక్కా. చేతితోని తెగలే. అక్కడోళ్లు కత్తెర ఇచ్చిన్రు. గా కత్తెర సల్లగుండె." కట్టు కట్టిన చేతిని ఎత్తి చూశాడు. "గప్పటిసంది గీ చేతితోని బువ్వ తినబుద్ధి కాలే."

తిండి మానేస్తే గదిలోవాళ్లు గాలి సోకిందన్నారు. పోయినవాడు ఇతన్ని పట్టుకున్నాడని మిరపకాయలు కాల్చి ముఖానికి పొగ పట్టారు. చెప్పుతో కొట్టారు. చివరికి అరచేతిలో కర్పూరం పెట్టి వెలిగించి, "నువ్వెవరివో చెప్పు, ఎప్పుడు పోతావో చెప్పు" అని అడిగారు. తన పేరే చెప్పాడట. అబద్ధమని మళ్లీ వెలిగించారట. ఆ చెయ్యి డ్రెస్సింగు చేసేటప్పుడు కట్టు విప్పి చూశాను. అరచెయ్యి మధ్యలో చర్మం లేదు.

వాళ్లు చేసింది అది. మేము చేసింది ఇది. మాది శుభ్రంగా, గ్లోవ్స్ వేసుకుని, మర్యాదగా అనుమతి అడిగి.

"మావోళ్లల్ల మొగోని మొలతాడు రెండే సార్లు తెంపుతరు," అన్నాడు. "పెండ్లాం సచ్చినప్పుడు, తను సచ్చినప్పుడు. నా పెండ్లాం సచ్చిందక్కా. మీకందరికి ఎరుకే. అందుకే తెంపిన్రు. జెప్తలేరు."

మా వైపు పెళ్లాం పోతే మొలతాడు తెంపే ఆచారం నేను చూడలేదు. వినగానే నాకు ఊరట కలిగింది. ఇదేమీ పెద్ద చిక్కు కాదనిపించింది. ఆమె బతికే ఉంది కదా, చూపిస్తే సరిపోతుంది కదా!

అతన్ని చూసే డాక్టరు చైనీస్ యువకుడు, చెప్పింది శ్రద్ధగా వినే మనిషి. నేను చెప్పిందంతా విని, వీడియో కాల్‌కి వెంటనే ఒప్పుకున్నాడు. "గుడ్ ఐడియా, సిస్టర్" అన్నాడు కూడా.

మర్నాడు పొద్దున ఫోను పట్టుకుని అతని పక్కన కూర్చున్నాను. తెర మీద ఆమె కనిపించింది. ఒళ్లో బీడీల చాట, వెనక తీగ మీద ఆరేసిన పిల్లల బట్టలు. భర్తను చూడగానే ఆమె నోరు మూసుకుని ఏడ్చింది, మళ్లీ నవ్వింది. "ఏమయ్యా, గట్ల చిక్కినవేంది? తింటలేవా?"

అతను తెరకు ముఖం ఆనించినంత దగ్గరికి వచ్చాడు.

"బొట్టున్నదా?"

"ఏంది?"

"బొట్టు సూపెట్టు. గాజులు సూపెట్టు."

ఆమె అయోమయంగానే నుదురు చూపించింది. చెయ్యెత్తి గాజులు గలగలలాడించింది. అతను తల ఊపాడు. పిల్లలు బడికి పోతున్నారా అని అడిగాడు. బర్రె ఈనిందా అని అడిగాడు. బాగా మాట్లాడాడు. ముందురోజంతా అతని ముఖం అంత తేటగా ఉండటం నేను చూడలేదు. ఫోను పెట్టేశాక నా వైపు తిరిగాడు.

"అది మంచిగనే ఉన్నదక్కా."

"చూశావా మరి? నేను చెప్పలేదూ!"

"అయితే నేనే," అన్నాడు.

"నువ్వేంటి?" అన్నాను.

"సచ్చింది నేనే. దానికింక కబురు పోలే. అందుకే బొట్టున్నది." అని వెల్లకిలా పడుకుని చేతులు పక్కన పెట్టుకున్నాడు.

అంతవరకూ ఇంకొకరిదిగా ఉన్న చావు అతని ఒంట్లోకి వచ్చింది. దారి చూపించింది నా చేతిలోని ఫోనే. ఆ రోజునుంచి నీళ్లు కూడా మానేశాడు. చెంచా పెదవులకు ఆనిస్తే నీళ్లు చెంపల మీదుగా కారిపోయేవి. బలవంతం చేస్తే ఓపిగ్గా చెప్పేవాడు: "పీనుగ నోట్ల నీళ్లు పోస్తే లోపటికి పోవక్కా. బయటికే వస్తయి."

డాక్టరు, వార్డు మేనేజరు, నేను కూర్చుని మాట్లాడుకున్నాం. కొత్త మొలతాడు కడితే ఏమైనా ఫలితం ఉండొచ్చని నేనన్నాను. మేనేజరు పెద్దావిడ, ఎన్నో చావులు చూసిన మనిషి. "అతని సంగతి సరే. పక్క మంచం కుర్రాడు ఆ తాడు తీసుకుంటే? వాళ్లమ్మకు నువ్వు చెబుతావా?" అంది. ఆమె అన్నదాంట్లో తప్పు లేదు. ఆ పక్క మంచం కుర్రాణ్ని ఎందుకు చేర్చారో నాకూ తెలుసు.

చివరికి డాక్టరు మధ్యే మార్గం చెప్పాడు. ఏ కాస్త బరువు పడినా తెగిపోయే దారమైతే కట్టొచ్చు. నేను కుట్టు దారం నల్లనిది తెచ్చి రెండు పోగులు పేనాను. మేనేజరు దానికి నీళ్ల సీసా కట్టి వేలాడదీసి చూసింది. టప్పున తెగింది. "ఇది పర్వాలేదు" అంది.

ఇక కట్టేది ఎవరు? ఇంట్లోవాళ్లు కట్టాలి, లేదా ఊరివాళ్లు. ఆదివారం డార్మిటరీలో అతని గదిలో ఉండే పక్క ఊరి మనిషి చూడటానికి వచ్చాడు. నలభై ఏళ్లవాడు, పంచలోహ కడియం, నుదుట విభూతి. కర్పూరం వెలిగించినవాళ్లలో అతనూ ఉన్నాడని నాకు తెలుసు. అయినా విషయం చెప్పి దారం చేతికివ్వబోయాను. గబుక్కున రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు.

"నాతోని కాదు మేడం."

"ఒక్క ముడి వెయ్యండి అన్నా. మీ చేత్తో కడితే అతనికి ధైర్యం."

"గా గదిల ఒగడు పోయిండు. గిప్పుడు వీడు పోతుండు. ముట్టుకుంటే మూడోది నేనే." మంచం మీదున్నవాడికి వినిపించేలాగే అన్నాడు. తర్వాత అతని వైపే తిరిగి చేతులు జోడించాడు. "తమ్మీ, నీకు దండం. పోతే ఊరికి పో. మా మీదికి మాత్రం రాకు. నీ పరుపు పారేసినం. నీ బట్టలు గూడ పారేసినం. అక్కడ నీదేం లేదు."

తెచ్చిన అరటిపండ్లు మంచం మీద కాదు, నేల మీద పెట్టి వెళ్లిపోయాడు.

మంచం మీదున్నవాడు ఆ పండ్లను చూసి, "సూసినవా అక్కా? కాకికి వెట్టినట్టు వెట్టిపోయిండు" అన్నాడు.

నేనే కట్టాను. అక్కా అని పిలుస్తున్నాడు కదా, అక్క కట్టకూడదని ఎక్కడుంది! అతన్ని లేపి నిలబెట్టి, తూర్పు ఏదో కిటికీలోంచి చూసుకుని, ఆ వైపు తిప్పి, ఆ నల్ల దారం నడుము చుట్టూ తిప్పి ముడివేశాను. నోటికి వచ్చిన దేవుళ్లందరినీ తలుచుకున్నాను. అతని ఊరి దేవుడెవరని అడిగితే మల్లన్న అన్నాడు. మల్లన్నకూ మొక్కాను. ముడి పడుతుంటే అతని కడుపు వణకడం నా వేళ్లకు తెలిసింది.

ఆ పూట పప్పన్నం తిన్నాడు. ఎడమ చేత్తో, నాలుగైదు ముద్దలు. గ్లాసెడు నీళ్లు తాగాడు. నా ఫిలిప్పీన్స్ స్నేహితురాలు తలుపు దగ్గర నిలబడి చూసి, మెడ మీద చెయ్యి వేసుకుని వెనక్కి తిరిగింది. మెడలో వేసుకునే సిలువ గొలుసును ఆమె ఇంట్లో పెట్టి వస్తుంది. డ్యూటీలో మాకూ అదే నియమం.

మర్నాడు ఉదయం స్నానానికి తీసుకెళ్లారు. సబ్బు రుద్దుకుంటుంటే దారం తెగింది. తెగడానికే కదా దాన్ని అంత సన్నగా పేనింది. తడిసిన ఒంటితో, టవలు కూడా సరిగ్గా చుట్టుకోకుండా నా ముందుకు వచ్చి నిలబడ్డాడు. వేళ్ల మధ్య ఆ నల్ల పోగు.

"నువ్వు సుత తెంపినవ్ గదక్కా," అన్నాడు.

కోపం లేదు ఆ గొంతులో. మాట వరసకు అన్నట్టు అన్నాడు. ఆ పోగును నా అరచేతిలో పెట్టి వెళ్లి పడుకున్నాడు.

ఇంకో దారం పేనుతానన్నాను. మళ్లీ తెగితే మరింత చెడుతుందని డాక్టరు వద్దన్నాడు. అప్పటికే అతని మూత్రపిండాలు దెబ్బతింటున్నాయి. ముక్కులోంచి గొట్టం వేయక తప్పదని తేల్చారు. గొట్టం లోపలికి పోయేటప్పుడు మనిషి మింగాలి. మింగకపోతే అది ఊపిరితిత్తుల దారి పడుతుంది. మింగమని అతనికి అర్థమయ్యే భాషలో చెప్పగలిగినదాన్ని నేనే.

ఇద్దరు మగ నర్సులు భుజాలు పట్టుకున్నారు. నేను మణికట్లు పట్టుకున్నాను, కాలిన చెయ్యి నొప్పెట్టకుండా. గొట్టం ముక్కులో దూరగానే, ఇన్నాళ్లూ శవంలా పడున్నవాడు ప్రాణమున్న జంతువులా పెనుగులాడాడు. కళ్లలోంచి నీళ్లు, ముక్కులోంచి రక్తం. నేను అతని చెవి దగ్గర నోరు పెట్టి ఒకటే మాట అంటూ ఉన్నాను. "మింగు తమ్ముడూ. మింగు నాన్నా. మా బాబువి కదూ, మింగు."

మింగాడు. గొట్టం దిగింది. ఒకసారి పీకేసుకున్నాడు. మళ్లీ వేశాం. మళ్లీ నేనే చెవి దగ్గర. రోజుల తరబడి అతనికి వినిపించిన తెలుగు అదే.

తర్వాత షాక్ ట్రీట్‌మెంటు మొదలుపెట్టారు. మత్తు ఇచ్చేముందు ముఖం మీద మాస్కు పెడుతుంటే, "గిప్పుడు ముట్టిస్తరా?" అని అడిగాడు. చితికి నిప్పు పెడతారా అని. లేదు, నిద్ర పుచ్చుతారు అన్నాను. నమ్మినట్టు కళ్లు మూసుకున్నాడు.

ఆ చికిత్స పనిచేసింది. అబద్ధం చెప్పను. కొన్ని వారాలకు లేచి కూర్చున్నాడు. గొట్టం తీసేశాక గంజి, తర్వాత అన్నం. చచ్చిపోయావా అని డాక్టరు అడిగితే లేదన్నాడు. అది డాక్టరుకు చాలు. నాకు మాత్రం, ఆ లేదు అనడంలో ఎదుటివాళ్లకు ఏ జవాబు కావాలో తెలుసుకున్నవాడి మర్యాద కనిపించేది. నాతో మాట్లాడటం తగ్గించాడు. నేను గదిలోకి వస్తే చేతులు దుప్పటి కింద దాచుకునేవాడు.

కంపెనీ అతని పర్మిట్ రద్దు చేసింది. పంపించడానికి వచ్చిన సూపర్‌వైజరు, తమిళతను, అతని ముందే నాతో అన్నాడు. "మనిషిని తీసుకునేటప్పుడు గుండె, కళ్లు, అన్నీ టెస్టు చేస్తాం. తల ఒక్కటీ టెస్టు చేయలేం. అదే తంటా." తర్వాత అతని భుజం తట్టి, "పో, ఊళ్లో నిద్రపో" అన్నాడు.

లాకరులోంచి సంచి తీసి ఇచ్చాం. తెగిన పాత మొలతాడు, దానికున్న వెండి తాయెత్తు అందులోనే ఉన్నాయి. సంచి విప్పకుండానే జేబులో పెట్టుకున్నాడు. నేను నమస్కారం పెట్టాను. అతను పెట్టలేదు.

అతను వెళ్లాక మా వార్డులో ఒక మార్పు వచ్చింది. ఒంటి మీద మతానికో ఆచారానికో సంబంధించినది ఏముందో ముందు అడగాలి, ఆ భాష వచ్చినవాళ్లు లేకుండా తీయకూడదు, తప్పదంటే పెద్ద డాక్టరు అనుమతి ఉండాలి. దాన్ని మేనేజరే పట్టుబట్టి తెచ్చింది. శిక్షణ తరగతిలో ఒక కేసుగా కూడా చెబుతున్నారు. అందులో గొట్టం లేదు, కర్పూరం లేదు. రోగి కోలుకుని స్వదేశానికి వెళ్లాడన్నంతవరకే ఉంది.

నేను అతని ఇంటికి అప్పుడప్పుడు ఫోను చేసేదాన్ని. మందులు మానేయకుండా చూడమని చెప్పడానికే. భార్యే ఎత్తేది. వెళ్లిన రోజే వాళ్లమ్మ మల్లన్న గుడిలో కొత్త మొలతాడు కట్టించిందట, గట్టిది. రాత్రికల్లా అతనే కొరికి తెంపేశాడట. మళ్లీ కట్టారట. మళ్లీ తెంపాడట. "సచ్చినోనికి ఎందుకని అంటుండు," అంది. చేలోకి పోడు, పిల్లలను దగ్గరికి రానివ్వడు. ఊళ్లో కొందరు అతను ఎదురైతే దారి మార్చుకుంటున్నారట. మందులు అయిపోయాయి, కరీంనగర్ పోయి తెచ్చేవాళ్లు లేరు. అక్కడి ఆసుపత్రి పేరు చెప్పాను, ఎవరిని అడగాలో చెప్పాను. విన్నది. పోయిందో లేదో తెలియదు.

చివరిసారి నేను ఫోను చేసినప్పుడు ఆమె స్పీకరు పెట్టుకుని బీడీలు చుడుతోంది. "బాగున్నారా అమ్మా, తమ్ముడు తింటున్నాడా?" అన్నాను. వెనకనుంచి ఏదో పడిన చప్పుడైంది. కంచంలా ఉంది. ఆమె లేచి వెళ్లిన అలికిడి. తర్వాత ఫోను చెవికి పెట్టుకుని మెల్లగా మాట్లాడింది.

"మేడం, ఒక్క మాట జెప్త, ఏం అనుకోకు. నువ్వు మంచికే జేస్తున్నవ్. నాకు ఎరుకే. కానీ నీ గొంతు ఇన్నడంటె ఆయిన రెండు దినాలు నోరు తెరుస్తలేడు. ముక్కు గట్టిగ వట్టుకుని మూలకు కూసుంటుండు. ఇగ ఫోన్ జెయ్యకు."

"అట్లాగేనమ్మా," అన్నాను.

"ఉంటనక్కా," అని పెట్టేసింది.

అప్పటినుంచి చేయలేదు.